ఉడకని గింజ, తెల్లబడిన కెటిల్

"రాత్రంతా నానబెట్టిన శనగలు కుక్కర్లో అరగంట ఉంచినా పలుకుగానే ఉంటున్నాయి. ఉప్పు ముందే వేయడం వల్లనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. పని నుంచి వచ్చి, పిల్లల ఆకలి కేకల మధ్య పొయ్యి వెలిగించే మనిషికి ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. చివర ఇంకో మాట కూడా చేర్చారు: "మా కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతోంది, దానికీ ఏదైనా చిట్కా ఉంటే చెప్పండి." ఆమె దృష్టిలో ఇవి సంబంధం లేని రెండు ఇబ్బందులు. నాకు మాత్రం ఆ రెండో వాక్యం చదవగానే మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టయింది. రెండింటిలోనూ దొంగ ఒకడే. వాడి పేరు కాల్షియం.

ముందు ఉప్పు మీద పడిన నింద తొలగించాలి. ఉప్పు ముందే వేస్తే గింజ బిగుసుకుపోతుందనే నమ్మకం తరాలుగా వంటగదుల్లో పాతుకుపోయింది. చెప్పిన వాళ్లు ఎందరో ఉన్నారు గానీ, రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లు తక్కువ. నేను నాలుగు పెట్టాను. ఒకే సంచిలోని శనగలు, గిన్నెకు గుప్పెడు. మొదటి గిన్నెలో వట్టి నీళ్లు. రెండోదానిలో లీటరుకు 15 గ్రాముల లెక్కన ఉప్పు కలిపిన నీళ్లు. మూడోదానిలో చిటికెడు వంటసోడా, నాలుగోదానిలో రెండు చెంచాల వెనిగర్. తెల్లవారాక నాలుగింటినీ నానిన నీళ్లతోనే ఒకే మంట మీద, ఒకేసేపు ఉడికించి, గింజను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి నొక్కాను. సోడా గింజ ముట్టుకోగానే పొట్టు జారి ముద్దయింది. ఉప్పు గింజ మెత్తగా, పొట్టు చిట్లకుండా, నొక్కితే వెన్నలా అణిగింది. వట్టి నీళ్ల గింజ పైన మెత్తబడినా నడిమి పలుకు వేలికి తగిలింది. వెనిగర్ గింజ నా వేళ్ల మధ్య నుంచి గులకరాయిలా ఎగిరి గోడకు కొట్టుకుంది.

నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి వంటి సంగతులు వదిలేద్దాం. అసలు గింజ "ఉడకడం" అంటే ఏమిటి? మెత్తగా ఉడికిన గింజను నలిపితే వేళ్లకు అంటేది సన్నటి పిండిలాంటి పదార్థం. అందులో ఒక్కో రేణువూ చాలావరకు చెక్కుచెదరని ఒక్కో కణమే. అంటే ఉడికినప్పుడు ఇటుకలు పగలడం లేదు, ఇటుకల మధ్య అతుకు కరుగుతోంది. ఆ అతుకు పేరు పెక్టిన్. 1825లో దీనిని పండ్ల నుంచి వేరుచేసి పేరు పెట్టింది ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రీ బ్రాకోనో. గడ్డకట్టేది అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు తీసుకున్నాడు. పండ్ల జామ్ గడ్డకట్టేదీ దీని వల్లే.

పెక్టిన్ ఒక పొడవాటి గొలుసు. గొలుసు పొడవునా గెలాక్ట్యురోనిక్ ఆమ్లం అనే చక్కెర జాతి కడియాలు వందల కొద్దీ వరుసగా ఉంటాయి. ఆ కడియాలలో కొన్నింటికి రుణావేశం ఉంటుంది, కొన్నింటి మీద మిథైల్ గుంపు మూతలా కూర్చుంటుంది. రుణావేశం ఉన్న రెండు గొలుసులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకోవాలి. కానీ మధ్యలోకి కాల్షియం వస్తుంది. కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు ఉంటాయి. వాటిని రెండు చేతులు అనుకోండి. ఒక చేత్తో ఈ గొలుసును, రెండో చేత్తో ఆ గొలుసును పట్టుకుంటుంది. ఒక కాల్షియం పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి, చొక్కా గుండీల్లా వరుసగా పడతాయి. గొలుసుల మడతల్లో కాల్షియం అయాన్లు కుదురుకునే తీరు అట్టపెట్టెలో గుడ్లు పేర్చినట్టు ఉంటుందని 1973లో ప్రతిపాదించిన నమూనాకు "గుడ్ల పెట్టె" అనే పేరే స్థిరపడింది. మెగ్నీషియానికీ రెండు చేతులు ఉన్నాయి గానీ పట్టు అంత గట్టిది కాదు.

ఇక ఉప్పు సంగతి. ఉప్పులోని సోడియానికి ఒక్కటే చేయి. అది ఒక గొలుసును పట్టుకుంటే రెండోదాన్ని పట్టుకోలేదు, కాబట్టి అతుకు వేయలేదు. ఒక్క సోడియం ఒక్క కాల్షియంతో కుస్తీ పడితే ఓడిపోతుంది. కానీ ఉప్పునీళ్లలో సోడియం మంద మందగా ఉంటుంది. ఒకటి తోసి, ఇంకొకటి తోసి, రాత్రంతా తోసుకుంటూ పోతే చాలా చోట్ల కాల్షియం చెయ్యి వదిలి నీళ్లలోకి వచ్చేస్తుంది. మొదట గుండీలు ఊడేది పొట్టులో, గింజ పై పొరల్లో. అందుకే ఉప్పులో నానిన గింజ పొట్టు చిట్లకుండా సాగుతుంది. నీటిని మృదువుగా మార్చే యంత్రాల్లో జరిగేదీ అచ్చంగా ఇదే పని. అందులోని రెజిన్ పూసలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. పూసలు కాల్షియంతో నిండిపోయాక వాటిని చిక్కటి ఉప్పునీళ్లతో కడుగుతారు. సోడియం మంద మళ్లీ వచ్చి కాల్షియాన్ని తోసేస్తుంది.

ఇప్పుడు పాఠకురాలి కెటిల్ దగ్గరికి రండి. అడుగున తెల్లటి పెచ్చు కడుతోందంటే ఆ ఇంటి నీళ్లలోనే కాల్షియం దండిగా ఉందన్నమాట. లీటరుకు 120 మిల్లీగ్రాములు దాటితే కఠిన జలం, 180 దాటితే మరీ కఠినం అని ఒక వాడుక లెక్క (కాల్షియం కార్బొనేట్ రూపంలో కొలిస్తే). అలాంటి నీళ్లలో గింజలు నానబెట్టడమంటే ఉన్న గుండీలు చాలవన్నట్టు రాత్రంతా కొత్త గుండీలు కుట్టడమే. బడిలో మనందరం కఠిన జలం పాఠం చదివాం. సబ్బు నురగ రాదు అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. సబ్బు కణానికీ ఒక్క చేయే. కాల్షియం ఒక్కో చేతికి ఒక్కో సబ్బు కణం చొప్పున పట్టేసుకుంటే నీళ్లలో కరగని తెట్టు అవుతుంది. బకెట్ అంచున జిడ్డుగా అంటుకునేది అదే. పాఠం అక్కడే ఆగిపోతుంది. అదే నీళ్లలో గింజలు ఉడకవని ఒక్క వాక్యం చేర్చి ఉంటే, ఆ పాఠం పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయే వాళ్లం కాదని నా ఫిర్యాదు.

వెనిగర్ గింజ దగ్గర నా రెండు చేతుల పోలిక పనికిరాదు, ఒప్పుకుంటాను. పులుపు కాల్షియాన్ని గట్టిపరచదు. అది అడ్డుకునేది ఇంకో పనిని. వేడి తగిలినప్పుడు పెక్టిన్ గుండీలు ఊడటమే కాదు, గొలుసు కూడా ముక్కలవుతుంది. బీటా ఎలిమినేషన్ అనే ఈ కోత తటస్థంగానో కొద్దిగా క్షారంగానో ఉన్న నీళ్లలో చురుగ్గా సాగుతుంది. పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 ప్రాంతానికి దిగితే బాగా మందగిస్తుంది. ఒకసారి తొందరలో టమాటాలు, నిమ్మరసం, నానిన రాజ్మా గింజలు అన్నీ కలిపి ఒకేసారి కుక్కర్లో పడేశాను. గంట తర్వాత టమాటా ఆనవాలు లేదు, గింజలు మాత్రం చెంచాకు టకటకా తగిలాయి. భోజనానికి వచ్చిన వాళ్లు మర్యాదగా నమిలారు. గింజ మెత్తబడ్డాకే పులుపు వేయాలన్న పాత మాటకు మాత్రం నూటికి నూరు పాళ్లు శాస్త్ర బలం ఉంది.

వంటసోడా దీనికి సరిగ్గా ఎదురు. నీళ్లను పీహెచ్ 8 దాటించి గొలుసుల కోతను వేగిరపరుస్తుంది. పైగా తన వంతు సోడియాన్ని తెస్తుంది, కాల్షియంలో కొంత భాగాన్ని కార్బొనేట్‌గా మార్చి పక్కకు లాగేస్తుంది. లీటరుకు పావు చెంచా చాలు. ఎక్కువైతే గింజ జావ అవుతుంది, సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ నశిస్తుంది. రోజూ వాడదగ్గ చిట్కా అని నేను అనను. ఉప్పుతో పని అయిపోతుంటే సోడా ఎందుకు?

ఈ గుండీల లెక్క తెలిస్తే దాన్ని తిరగేసి కూడా వాడుకోవచ్చు. పులుసులో బంగాళాదుంప ముక్కలు చెదిరిపోతున్నాయా? మరిగించే ముందు వాటిని 55 నుంచి 60 డిగ్రీల నీళ్లలో ఓ అరగంట ఉంచండి. అంటే చెయ్యి పెడితే వెంటనే తీసేయాలనిపించే వేడి, మరుగు కాదు. ఆ వేడిలో దుంపలోని పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ చురుగ్గా పనిచేసి, కడియాల మీది మిథైల్ మూతలను ఒక్కొక్కటే తీసేస్తుంది. మూత పోయిన చోటల్లా రుణావేశం బయటపడుతుంది. దుంపలోనే ఉన్న కాల్షియం వచ్చి అక్కడ గుండీ పెడుతుంది. ఆ తర్వాత ఎంత మరిగించినా ముక్క అంచులు నిలబడతాయి. డబ్బాలో నిలవచేసే టమాటా ముక్కలకు కాల్షియం క్లోరైడ్ కలిపేదీ ఈ కిటుకు కోసమే.

పాత గింజలు మొండికేయడంలోనూ ఈ కాల్షియం దొంగ హస్తం ఉంది. గింజలో ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తన దగ్గర కట్టేసి ఉంచుతుంది. వేడి, చెమ్మ ఉన్న చోట నెలల తరబడి నిలవ ఉంటే ఫైటేజ్ ఎంజైమ్ ఆ కట్లు విప్పేస్తుంది. విడుదలైన అయాన్లు మెల్లగా పెక్టిన్ దగ్గరికి చేరతాయి. డబ్బా మూత తీయకుండానే లోపల గింజ తన గుండీలు తానే కుట్టుకుంటోంది! పోషకాల కోసం అపురూపంగా దాచుకున్న గింజలు రాళ్లయ్యేది ఇలాగే. చల్లగా, పొడిగా ఉంచండి, లేదా ఏడాది లోపు వాడేయండి.

ప్రెషర్ కుక్కర్ గురించి ఎక్కువ చెప్పను. 1679లో డెని పాపెన్ ఎముకలను మెత్తబరచడానికి చేసిన పాత్రకు అది మనుమరాలు. లోపల 120 డిగ్రీల దాకా వేడి చేరడం వల్ల గొలుసుల కోత కొన్ని రెట్లు వేగంగా సాగుతుంది, అంతే. నీళ్లలో కాల్షియం, పులుపు నిండా ఉంటే కుక్కరూ చేతులెత్తేస్తుంది.

రాజ్మా విషయంలో మాత్రం ఒక హెచ్చరిక తప్పదు. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ప్రొటీన్ కడుపును తీవ్రంగా దెబ్బతీస్తుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించాలి. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 30 నిమిషాలు అంటుంది. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచే విద్యుత్ పాత్రల్లో ఆ వేడి రాకపోవచ్చు, అందుకే ముందు మరిగించి తర్వాతే అందులో వేయాలి. సమయం లేని వాళ్లు సెలవు రోజున వారానికి సరిపడా గింజలు ఒకేసారి ఉడికించి, చల్లారాక పూటకు సరిపడేలా చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్లో పెట్టుకుంటే సాయంత్రం వంటలో పెద్ద పని తప్పుతుంది.

ఇక కెటిల్. ఆ పెచ్చు కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. కాల్షియం రెండు చేతులకూ సరిపడా రెండు ఆవేశాలున్న కార్బొనేట్ దొరికితే అది రాయై కూర్చుంటుంది. గింజను పాడుచేసిన వెనిగరే ఇక్కడ ఆదుకుంటుంది. వెనిగర్, నీళ్లు సగం సగం పోసి ఒకసారి వేడిచేసి గంట వదిలేస్తే, పెచ్చు మీద సన్నటి బుడగలు బారులు తీరి లేస్తాయి. అది బొగ్గుపులుసు వాయువు. నిమ్మ ఉప్పు ఉంటే వాసన బాధ కూడా ఉండదు. ఇదే పని పాలరాతి గట్టు మీద మాత్రం చేయకండి, ఆ రాయి కూడా కాల్షియం కార్బొనేటే. వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రావణంతో కలిపితే విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

వెనిగర్‌లో వంటసోడా కలిపి బుసబుసా పొంగే నురగతో అన్నీ శుభ్రం చేయమనే చిట్కా కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి తినేశాక మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. పెచ్చును కరిగించాల్సిన ఆమ్లం ఆ పొంగులోనే ఖర్చయిపోయింది.

కెటిల్ పెచ్చు కరిగాక రెండుసార్లు మామూలు నీళ్లు మరిగించి పారబోయాలి. మూడోసారి కొన్ని నిమిషాలు బాగా మరిగించిన నీళ్లను కదపకుండా చల్లారనిస్తే, కాల్షియంలో కొంత తెల్లటి నలుసులై అడుగుకు దిగుతుంది. పైతేట మెల్లగా వంచుకుని, లీటరుకు ఒక పెద్ద చెంచాడు ఉప్పు కలిపి, మర్నాటి శనగలు అందులో పోయండి. పొద్దున ఆ నీళ్లు వంచేసి, గింజలు కడిగి, మళ్లీ అలాంటి తేట నీళ్లలోనే ఉడికించండి.