మూడు బ్యాంకులు, వంద కోట్ల డాలర్లు: మోల్డోవా ఇంకా కడుతున్న బాకీ

2025 సెప్టెంబర్‌లో గ్రీస్ వ్లాద్ ప్లాహోట్నియుక్‌ను విమానం ఎక్కించి తూర్పు ఐరోపాలోని చిన్న దేశం మోల్డోవాకు అప్పగించింది. గద్దె మీద ఎవరున్నా చక్రం తిప్పేది ఈయనేనని ఆ దేశంలో ఒకప్పుడు చెప్పుకునేవారు. మూడు బ్యాంకుల నుంచి వంద కోట్ల డాలర్లు మాయమైన ఆ కేసు మూలం 2014 నవంబర్ నాటిది.

ఆ నెల 30న ఎన్నికలు. సరిగ్గా ఆ ముందు వారమే మూడు బ్యాంకులు అడ్డూ అదుపూ లేకుండా అప్పులిచ్చాయి. డబ్బు లాత్వియా బ్యాంకుల మీదుగా డొల్ల కంపెనీల్లోకి జారుకుంది. వాటిలో ఒకదాని అడ్రస్ ఎడిన్‌బరోలో మామూలు జనం ఉండే ఇల్లు. 27న బ్యాంకు కాగితాలున్న పన్నెండు సంచులతో వెళ్తున్న వ్యాన్‌ను ఎవరో ఎత్తుకెళ్లి తగలబెట్టారు. వ్యాన్ ఎవరిదంటారా? ఆ బ్యాంకుల వెనకున్న యువ వ్యాపారి ఇలాన్ షోర్ కంపెనీదే! పోయిన సొమ్ము దేశం ఏడాది ఆదాయంలో ఎనిమిదో వంతు.

మూడింట్లో పెద్దది బాంకా దె ఎకోనోమీ. సోవియట్ కాలపు పొదుపు బ్యాంకుకు వారసురాలు, ముసలివాళ్లు పింఛన్ తీసుకునే చోటు. 1990ల మొదట్లో ధరలు మండిపోయి సోవియట్ రోజుల్లో దాచుకున్న రూబుళ్లు చిత్తు కాగితాలయ్యాయి. ఒకసారి చేయి కాలినవాళ్లకే మళ్లీ అదే పేరు వినబడింది.

డిపాజిట్లు మునగకుండా సెంట్రల్ బ్యాంకు అత్యవసర అప్పులిచ్చింది. ప్రభుత్వం వాటికి గుట్టుగా హామీ పడింది. అదే జనానికి ఎక్కువ మండింది. పైగా రష్యా మాంద్యంతో అక్కడ పనిచేసే మోల్డోవా కూలీలు ఇంటికి పంపే డబ్బు తగ్గింది, దేశ కరెన్సీ లేయు విలువ పడిపోయింది, ధరలు పెరిగాయి. 2015 సెప్టెంబర్‌లో రాజధాని కిషినావ్ నడిబొడ్డున నిరసనకారుల గుడారాలు వెలిశాయి. అక్టోబర్‌లో ఈ కుంభకోణానికి సంబంధించి మాజీ ప్రధాని వ్లాద్ ఫిలాత్‌ను పార్లమెంటులోనే పట్టుకున్నారు. తర్వాత తొమ్మిదేళ్ల జైలు శిక్ష పడింది.

షోర్ కథ వేరు. ఆయన్ను అదే ఏడాది ఒర్హెయ్ పట్టణం తొలి రౌండ్‌లోనే మేయర్‌గా గెలిపించింది. తర్వాత చౌక దుకాణాలు తెరిచాడు, పార్కు కట్టించాడు. ఒర్హెయ్ జనం మోసపోయారని నేననుకోను. అందరూ తినేవాళ్లే అయినప్పుడు, కాస్త విదిల్చేవాడు నయమనుకుని ఉంటారు. 2019లో దేశం వదిలిన షోర్‌కు 2023లో, ఆయన లేకుండానే, కోర్టు పదిహేనేళ్ల శిక్ష వేసింది.

సెంట్రల్ బ్యాంకు ఇచ్చిన ఆ అప్పును 2016లో ప్రభుత్వ బాండ్లుగా మార్చారు. సుమారు 1,350 కోట్ల లేయి. పన్నులు కట్టేవాళ్లు వడ్డీతో సహా 2041 దాకా తీర్చాలి.