కదిలేవాటికి ఆటోఫోకస్: అపోహలు - వాస్తవాలు

ఆటల పోటీలు, ఎగిరే పక్షులు తీస్తుంటాను కాబట్టి నన్ను అందరూ అడిగేది ఒకటే: ఏ సెట్టింగ్ పెట్టాలి? నేను మాత్రం ముందు పాడైన ఫోటో చూపించమంటాను.

అపోహ: ఫోటో మసకగా వచ్చిందంటే ఆటోఫోకస్ తప్పినట్టే.

వాస్తవం: మసకలో రకాలున్నాయి. ఫోటోను పెద్దది చేసి చూడండి. మనిషి మొత్తం మెత్తగా ఉండి, వెనకున్న గడ్డిపరకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటే ఫోకస్ వెనక్కి పోయింది. ముఖం బాగానే ఉండి చేతులూ కాళ్లూ చారలుగా సాగితే తప్పు షటర్‌ది, అంటే కెమెరాలోకి వెలుగుని వదిలే తెర వేగానిది. అన్నీ ఒకే దిక్కుకు సాగితే మీ చెయ్యి కదిలింది. షటర్‌ని సెకనులో 1/250 వంతు దగ్గర వదిలేసి ఫోకస్ మెనూలన్నీ తిరగేసేవాళ్లని చాలామందిని చూశాను. పరుగుకి 1/1000, ఎగిరే పక్షికి 1/2000 దగ్గర మొదలుపెట్టండి. అప్పటికీ కుదరకపోతే ఆటోఫోకస్‌ని అనుమానించండి. అన్నట్టు, స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని సర్దుతుందే గానీ పరుగెత్తేవాణ్ని ఆపలేదు.

అపోహ: ఫోకస్ లాక్ చేసి ఆ వెంటనే నొక్కేస్తే సరిపోతుంది.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా, 400 ఎంఎం లెన్స్, దాని రంధ్రం ఎఫ్/5.6, మనిషి 10 మీటర్ల దూరంలో ఉన్నాడు. స్పష్టంగా వచ్చే లోతు ముందూ వెనకా కలిపి 20 సెంటీమీటర్ల పైచిలుకు. సెకనుకి 5 మీటర్ల వేగంతో మీ వైపు వచ్చే మనిషి సెకనులో ఇరవయ్యో వంతులోనే 25 సెంటీమీటర్లు దాటేస్తాడు. మీరెంత చురుగ్గా నొక్కినా లాభం లేదు. ఇక్కడ కావాల్సింది కంటిన్యువస్ ఫోకస్. నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి అనీ, కెనాన్‌లో సర్వో అనీ ఉంటుంది. అది దూరం ఎలా మారుతూ వస్తోందో కొలుస్తూ, షటర్ తెరుచుకునే సమయానికి మనిషి ఎక్కడ ఉంటాడో అంచనా వేస్తుంది. అంచనాకి ముందు కొన్ని కొలతలు కావాలి కదా. అందుకే అసలు క్షణానికి ఓ సెకను ముందే బటన్ సగం నొక్కి వెంబడించడం మొదలుపెట్టాలి. మీకు అడ్డంగా, ఎడమ నుంచి కుడికి పరుగెత్తేవాళ్ల దూరం పెద్దగా మారదు, కెమెరాకి ఆ పని తేలిక. ఎదురుగా వచ్చేవాళ్లే కష్టం.

అపోహ: ట్రాకింగ్ సెన్సిటివిటీ పెంచితే ఫోకస్ వేగం పెరుగుతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ ఫోటోలు పాడుచేసిన నమ్మకం ఇదే. బాధితుల్లో నేనూ ఉన్నాను. ఓ పరుగుపందెంలో ఈ సెట్టింగ్‌ని చివరిదాకా పెంచేశాను. గెలిచినమ్మాయి ముందు పక్క లేన్ అమ్మాయి చెయ్యి అలా ఊగిందో లేదో, ఫోకస్ ఆ చేతి మీదికి దూకేసింది. పతకం ఒకరికి, ఫోకస్ ఇంకొకరికి!

ఈ సెట్టింగ్‌కి లెన్స్ తిరిగే వేగంతో పనిలేదు. ఫోకస్ పాయింట్ (ఫ్రేములో కెమెరా ఫోకస్ కొలిచే చోటు) కింద దూరం ఉన్నట్టుండి మారితే కెమెరా ఎంతసేపు ఓపిక పట్టాలన్నదే ఇది చెబుతుంది. మధ్యలో ఎవరో అడ్డొచ్చే ఆటలకి ఓపిక ఎక్కువ కావాలి. పొదలోంచి పక్షి హఠాత్తుగా లేచే చోటో, ఒకర్ని వదిలి ఇంకొకర్ని పట్టుకోవాల్సిన చోటో తక్కువ కావాలి. ఎటూ తేలకపోతే మధ్యలో ఉంచండి.

ఇంకో తిరకాసు ఉంది. సోనీలో 1 అంటే గట్టిగా పట్టుకోవడం, 5 అంటే వెంటనే మారిపోవడం. నికాన్‌లో సరిగ్గా తలకిందులు: 1 అంటే వెంటనే, 5 అంటే ఆలస్యంగా. కెనాన్‌లో మైనస్ వైపు వెళ్తే పట్టు, ప్లస్ వైపు వెళ్తే మార్పు. స్నేహితుడు చెప్పిన అంకెని మీ కెమెరాలో అలాగే దించేసే ముందు అతని కెమెరా ఏదో అడగండి.

అపోహ: పాయింట్లన్నీ ఆన్ చేసి, కంటిని గుర్తించే మోడ్ పెడితే ఇక కెమెరాదే బాధ్యత.

వాస్తవం: ఖాళీ ఆకాశంలో పక్షికైతే నిజమే, నేనూ అలాగే తీస్తాను. కొమ్మల మధ్య ఉన్న పక్షికీ, పదిమంది ఉన్న మైదానానికీ పనికిరాదు. మీకు కావాల్సిన కన్ను ఏదో కెమెరాకి తెలీదు. అక్కడ చిన్న జోన్ (పక్కపక్కనున్న కొన్ని పాయింట్ల గుంపు) పెట్టుకుని, గుర్తింపుని ఆ జోన్‌లోనే పనిచేయనివ్వండి.

అపోహ: బ్యాక్ బటన్ ఫోకస్ వాడితే ఫోటోలు ఎక్కువ షార్ప్‌గా వస్తాయి.

వాస్తవం: రావు. ఫోకస్ పనిని షటర్ బటన్ నుంచి కెమెరా వెనకున్న బటన్‌కి మార్చడమే అది. వేలికి సంబంధించిన సౌకర్యం, అంతే.

అపోహ: సెకనుకి ఎన్ని ఎక్కువ ఫ్రేములైతే అన్ని ఎక్కువ మంచి ఫోటోలు.

వాస్తవం: ఫోకస్ కుదిరినా కుదరకపోయినా ఫోటో తీసెయ్యమనే రిలీజ్ ప్రయారిటీలో ఉంటే ఎక్కువయ్యేది చెత్తే. కంటిన్యువస్‌లో నికాన్ సాధారణంగా అలాగే సెట్ అయి వస్తుంది. నేను ఫోకస్ కుదిరాకే తీసే ఫోకస్ ప్రయారిటీకి మార్చుకుంటాను. వేగం కాస్త తగ్గుతుంది, తగ్గనీ. ఫినిష్ లైన్ దగ్గర మాత్రం మళ్లీ రిలీజ్‌కే వస్తాను. ఛాతీ గీత దాటే క్షణం మళ్లీ దొరకదు, అక్కడ కొంచెం మెత్తటి ఫోటో అయినా ఉండి తీరాలి.