వచన కవితలో పాదం విరుపు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వాక్యాన్ని ఎక్కడ విరిచినా కవితే.

వచన కవితలు, అంటే ఛందస్సు లెక్క లేకుండా రాసేవి, దిద్దే పనిలో నాకు రోజూ ఎదురయ్యేది ఇదే. మంచి కవితలను ఎక్కువగా పాడుచేస్తున్నదీ ఇదే.

పాదం అంటే కవితలో ఒక వరుస. దాని చివర కన్ను ఒక్క క్షణం ఆగుతుంది. అప్పటిదాకా చదివినదానికి పాఠకుడు ఒక అర్థం కట్టుకుంటాడు. తర్వాతి పాదం దాన్ని ముందుకు తీసుకెళ్లాలి, లేదా తిరగేయాలి. రెండూ చేయని విరుపు దండగ. తెలుగులో ఈ వీలు మరీ ఎక్కువ. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది, కాదు, లేదు అనే మాటలూ చివరే వస్తాయి. ఇది చూడండి, ఉదాహరణ కోసం రాశాను:

నాన్న కుర్చీ ఖాళీగా
లేదు
దుమ్ము కూర్చుని ఉంది

మొదటి పాదంలో కుర్చీ ఖాళీ అనుకుంటాం. 'లేదు' అనగానే నాన్న ఉన్నాడేమోనని ఆశ. మూడో పాదం ఆ ఆశ తీసేస్తుంది. 'ఖాళీగా లేదు' అని కలిపేస్తే మొదటి మలుపు పోయినట్టే. పాదానికో మాట చొప్పున విడగొడితే అన్నిటికీ ఒకే బరువు పడి ఏ మలుపూ తెలియదు.

ఒక వర్క్‌షాప్‌కి ఒకమ్మాయి అలాగే మాటకో పాదం చేసి కవిత తెచ్చింది. తల్లి ఆస్పత్రి మంచం గురించి, చాలా బాగా రాసింది. పైకి చదవమన్నాను. తను పెట్టిన విరుపుల దగ్గర ఆగనే లేదు, గొంతు వేరే చోట్ల ఆగింది. అక్కడ పెన్సిల్‌తో గీతలు పెట్టుకోమంటే, "పాదాలు పొడుగైతే పత్రికలు వేసుకోవట కదా మేడమ్" అంది. ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! ఇలాంటివి నమ్మి, భయంతో సొంత కవితను ముక్కలు చేసుకునేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అలాగని గొంతు ఆగిన ప్రతిచోటా విరవాలనీ కాదు. ఊపిరికి ఎదురుగా విరిస్తే తడబాటు వస్తుంది. భయం, దుఃఖం చెప్పేటప్పుడు ఆ తడబాటే కావాలి. కావాలని చేస్తే చాలు.

అపోహ: శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అంతా వచన కవితే.

కాదు. 1950లో పుస్తకంగా వచ్చిన ఆ గీతాల్లో చాలా వాటికి మాత్రాఛందస్సు, అంటే అక్షరాలు పలికే కాలాన్ని లెక్కపెట్టే ఛందస్సు, నడక ఉంది. ఆ ఊపు తమ వచన కవితకు రాలేదని కొత్తవాళ్లు టెన్షన్ పడనక్కర్లేదు, వచన కవిత లయ వేరు. ఛందస్సు రానివాళ్లే వచన కవిత రాస్తారన్నదీ ఇలాంటి మాటే. ఛందస్సులో 'ప్రభవ' పద్యాలు రాసిన శ్రీశ్రీయే వచన కవితలూ రాశాడు.

మిగతావి చిన్నవి. పాదాలన్నీ ఒకే పొడవు ఉండక్కర్లేదు. కామా చేసే పని విరుపే చేస్తుంటే కామా వద్దు. ఖండికల (పాదాల గుంపుల) మధ్య ఖాళీ వరుస అందం కోసం కాదు, చోటో కాలమో మాట్లాడే మనిషో మారినప్పుడు వదలండి. ఫోన్‌లో పొడుగు పాదం కింది వరుసలోకి జారితే అది విరుపు కాదు, అచ్చులో ఆ మిగిలిన ముక్కను కాస్త లోపలికి జరిపి వేస్తారు. పంపేటప్పుడు ఫలానాది ఒకే పాదమని ఒక మాట రాయండి, ఎడిటర్ చూసుకుంటారు.