పండుగప్ప వేట సరంజామా: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో రాడ్డు పట్టి లూర్లతో, అంటే చేపను మోసగించే కృత్రిమ ఎరలతో, చేపల వేట మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లయింది. భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగలో పండుగప్ప కోసం, ఋషికొండ రాళ్ల మీద నుంచి పారల కోసం, వానలు తగ్గాక ఊరి చుట్టుపక్కల చెరువుల్లో కొర్రమీను కోసం తిరుగుతూ ఉంటాను. ఈ మధ్య చాలామంది కుర్రవాళ్లు అమెరికా, జపాన్ వేటగాళ్ల బాస్ ఫిషింగ్ వీడియోలు చూసి, అందులో కనిపించిన సరంజామానే తెప్పించుకుని, మొగ దగ్గరకు వచ్చి నెలల తరబడి ఉత్త చేతులతో వెనుదిరుగుతున్నారు. వారు నన్ను అడిగే ప్రశ్నల వెనుక ఉండే నమ్మకాలు దాదాపు ఒకటే కాబట్టి వాటిని ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

అపోహ: బాస్ లూర్లు బాస్ చేపకే పనికొస్తాయి, ఆ చేప మన నీళ్లలో లేదు కాబట్టి అవి ఇక్కడ దండగ.

వీడియోల్లో కనిపించే లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేప. మన పండుగప్పను ఇంగ్లీషులో ఏషియన్ సీ బాస్ అంటారు కానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆస్ట్రేలియావారు బారమండి అనీ, బెంగాలీలు భెట్కీ అనీ పిలిచే లేటిస్ కాల్కారిఫర్ ఇదే. అయితే జాతులు వేరైనా వేటాడే పద్ధతి ఒక్కలాంటిదే. రెండూ రాయి పక్కనో, వంతెన స్తంభం నీడలోనో, మునిగిన చెట్టు కొమ్మల మధ్యనో పొంచి ఉండి, ఎర దగ్గరకు రాగానే నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటాయి. అందుకే బాస్ కోసం తయారైన తోక ఊపే మెత్తని ప్లాస్టిక్ చేపలు, కుదిపి ఆపే జెర్క్‌బైట్లు, నీటి పైన నడిచే టాప్‌వాటర్ లూర్లు పండుగప్పకు బాగా పనిచేస్తాయి. పనిచేయనివి ఏమిటంటే, ఆ లూర్లకు తగిలించి వచ్చే గాలాలు, వాటిని లూర్‌కు కలిపే రింగులు. వాటి సంగతి కింద వివరంగా రాస్తాను.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. బాస్ పిల్లలను తెచ్చి మన జలాశయాల్లో వదిలితే బాగుంటుందని కొందరు అంటున్నారు. జపాన్‌లో 1925లో ఆషినోకో సరస్సులో ఈ చేపను వదిలారు. తరువాత అది దేశమంతా పాకి స్థానిక చేపలను తినేస్తుండడంతో, 2005లో దానిని హానికరమైన పరాయి జాతిగా చట్టంలో చేర్చి కట్టడి చేయవలసి వచ్చింది. గోస్తనీకి, మా మేఘాద్రిగెడ్డ జలాశయానికి అటువంటి గతి పట్టకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

అపోహ: సరైన రంగు దొరికితే చేప పడ్డట్టే.

నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో సగం రంగు గురించే. రంగు ఎంచుకునే ముందు నీరు కాంతిని ఏమి చేస్తుందో తెలుసుకోవాలి. స్వచ్ఛమైన సముద్రపు నీటిలో ఎరుపు కాంతి ముందుగా ఇంకిపోతుంది. కొద్ది మీటర్ల లోతుకు చేరేసరికి ఎర్రని లూర్ నల్లగానో, బూడిద రంగులోనో కనిపిస్తుంది. వరద మట్టితో, కుళ్లిన ఆకుల రసంతో గోధుమ రంగుకు తిరిగిన మొగ నీటిలో ఇది తలకిందులవుతుంది. అక్కడ నీలం కాంతే ముందు పోతుంది, పసుపు, ఎరుపు ఛాయలు కొంత ఎక్కువ దూరం నిలుస్తాయి. కాబట్టి ఋషికొండలో పనిచేసిన నీలం వీపు లూర్ ఆగస్టు నెల గోస్తనీ నీటిలో పనిచేయకపోతే అది లూర్ తప్పు కాదు.

చేప కన్ను సంగతి ఇంకొకటి. లార్జ్‌మౌత్ బాస్ కంటిలో రంగును గుర్తించే కణాలు రెండు రకాలే ఉన్నాయని, అది ఎరుపు, ఆకుపచ్చలను బాగానే పోల్చుకుంటుంది కానీ పసుపుపచ్చ మెరుపు రంగును తెలుపుతోనూ, నీలాన్ని నలుపుతోనూ పొరబడుతుందని 2019లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. అది బాస్ మీద జరిగిన పరీక్ష కాబట్టి పండుగప్పకు అలాగే అంటగట్టలేము. అయినా దుకాణంలో మన కంటికి వేర్వేరుగా తోచిన పన్నెండు రంగులు చేపకు కూడా పన్నెండుగానే కనిపిస్తాయని అనుకోవడం సరికాదని అర్థమవుతుంది.

నా పెట్టెలో నాలుగు రంగులే ఉంటాయి. నీరు తేటగా ఉన్నప్పుడు కవళ్లు అనే చిన్న చేపలను పోలిన వెండి రంగు, మట్టిగా ఉన్నప్పుడు తెలుపు లేదా బంగారు రంగు, చీకటి పడ్డాక నలుపు. రాత్రికి నలుపేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. పండుగప్ప కింద నుంచి పైకి చూస్తుంది. ఎంత చీకటి రాత్రయినా ఆకాశం నీటికంటే కాస్త వెలుతురుగానే ఉంటుంది కాబట్టి, దాని మీద నల్లని ఆకారం అన్నిటికంటే స్పష్టంగా కనబడుతుంది. రంగు కోసం పడే తపనలో సగమైనా లూర్ ఏ లోతులో నడుస్తోంది, ఎంత నెమ్మదిగా నడుస్తోంది అన్న దాని మీద పెడితే ఫలితం తప్పక మారుతుంది. కాటు చాలాసార్లు లాగుతున్నప్పుడు కాదు, లాగడం ఆపి లూర్ నిశ్చలంగా ఉన్న రెండు మూడు సెకన్లలోనే పడుతుంది.

అపోహ: ఖరీదైన లూర్లు, ఎక్కువ లూర్లు ఉన్నవారికే పెద్ద చేప.

ఫిన్లాండ్‌కు చెందిన లౌరి రపాలా 1936లో తన మొదటి లూర్‌ను బెండు చెక్కి తయారు చేశాడు. మెరుపు కోసం చాక్లెట్ చుట్టే రేకును, పైపూతకు ఫోటో ఫిల్మును కరిగించి వాడాడు. అమెరికాలోని జార్జియాలో 1932 జూన్ 2న జార్జ్ పెర్రీ పట్టిన 10.09 కిలోల బాస్ ఇప్పటికీ ప్రపంచ రికార్డే. ఆ రోజు అతనికీ, అతని స్నేహితుడికీ కలిపి ఒక్కటే లూర్ ఉందని చెబుతారు. దానితో సమానమైన చేపను 2009లో జపాన్‌లోని బివా సరస్సులో పట్టిన మనాబు కురిటా లూరే వాడలేదు, బతికున్న చిన్న చేపను ఎరగా వేశాడు.

అపోహ: కంపెనీ తగిలించిన గాలం మార్చకూడదు, మారిస్తే లూర్ నడక చెడిపోతుంది.

దీనికి నేను ఎంత మూల్యం చెల్లించానో చెబుతాను. చాలా ఏళ్ల క్రితం భీమిలిలో, అమావాస్య దగ్గర పడిన ఒక సాయంత్రం, పోటు తిరిగి నీరు సముద్రం వైపు జారడం మొదలైన వేళ, వంతెన స్తంభం నీడ అంచున కొత్త జెర్క్‌బైట్‌ను ఆపి ఉంచాను. పండుగప్ప పీల్చినప్పుడు వచ్చే ‘బుప్’ అన్న శబ్దం వినిపించింది. చేప రెండుసార్లు గాలిలోకి లేచి తల విదిలించింది, మూడోసారి లేవగానే దారం వదులైపోయింది. లూర్ తీసి చూస్తే, కడుపు కింది ట్రెబుల్ హుక్ మూడు కొక్కేలలో రెండు సూదుల్లా సాగిపోయి ఉన్నాయి, తోక దగ్గరి రింగు విచ్చుకుని ఉంది. ఆ లూర్ మంచినీటి చేప కోసం చేసినది. సన్నని తీగ గాలం తేలికగా గుచ్చుకుంటుంది కాబట్టి అక్కడ అదే సరైనది. పండుగప్ప దవడ బలానికి అది చాలదు.

అప్పటి నుంచి నేను కొన్న ప్రతి లూర్‌కు, నీళ్లలో వేయకముందే, మందపాటి తీగ గాలాలు, గట్టి రింగులు మారుస్తాను. నడక చెడుతుందన్న భయంలో నిజం లేకపోలేదు. గాలం బరువు ఒక గ్రాము పెరిగినా తేలే లూర్ మునగవచ్చు, నీటి మధ్యలో నిలవవలసినది తల కిందికి వాల్చవచ్చు. అందుకని గాలాలు మార్చాక ఇంట్లోనే బకెట్టులో వేసి చూడాలి. ఆ బకెట్టులో ఉండవలసినది కుళాయి నీరు కాదు, మీరు వేటాడే చోటి నీరు. సముద్రపు నీటి సాంద్రత మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి, మంచినీటిలో సరిగ్గా మధ్యలో నిలిచే 20 గ్రాముల లూర్‌ను ఉప్పు నీరు దాదాపు అర గ్రాము అదనపు బలంతో పైకి నెడుతుంది. మంచినీటికి తూచి చేసిన లూర్‌కు మొగలో కాస్త బరువైన గాలం తగిలిస్తే అది మళ్లీ తన చోట నిలవడం నేను చాలాసార్లు చూశాను. అంటే గాలం మార్చడం వల్ల నడక చెడకపోగా కొన్నిసార్లు బాగుపడుతుంది.

అపోహ: అల్లిన పీఈ (పాలిథిలిన్ పోగుల) దారం తెగదు కాబట్టి లీడర్ (లూర్‌కు ముందు కట్టే మందపాటి దారం ముక్క) అక్కర్లేదు, వేసినా ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ దారమైతే చేపకు కనిపించదు.

పీఈ దారం లాగుడుకు తెగదన్నది నిజమే, రాపిడికి మాత్రం చాలా త్వరగా తెగుతుంది. స్తంభాలకు పట్టిన నత్తగుల్లల అంచుకు బిగుతైన పీఈ దారం ఒక్కసారి తగిలితే చాలు. పైగా పండుగప్ప మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది, దాని నోటి లోపలి భాగం గరుకు కాగితంలా ఉంటుంది. అందువల్ల నేను 20 పౌండ్ల లాగుడును తట్టుకునే పీఈకి ముందు ఒక బారెడు పొడవున 40 పౌండ్ల నైలాన్ లీడర్ కడతాను. గుల్లలు ఎక్కువగా ఉన్న చోట 60 పౌండ్లది కడతాను. ఒక్కో చేప పడ్డాక, పడకపోయినా అరగంటకొకసారి, లీడర్‌ను బొటనవేలి గోటి మీదుగా లాగి చూస్తాను. గరుకు తగిలితే అంతవరకు కోసేసి మళ్లీ ముడి వేస్తాను.

ఇక కనిపించకపోవడం గురించి: నీటి వక్రీభవన సూచిక (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత; దారానిది నీటికి దగ్గరైన కొద్దీ అది తక్కువగా కనిపిస్తుంది) 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది అంతకంటే ఎక్కువ. అంటే ఫ్లోరోకార్బన్ తక్కువగా కనిపిస్తుందే తప్ప మాయం కాదు, మొగ మురికి నీటిలో ఆ తేడాకు విలువే లేదు. అది నైలాన్ కంటే చాలా త్వరగా మునుగుతుంది కాబట్టి లోతు లూర్లకు మేలు చేస్తుంది, నీటి పైన నడిచే లూర్ల ముక్కును మాత్రం కిందికి లాగుతుంది. పైన ఆడే వేటకు నేను నైలాన్‌నే ఇష్టపడతాను. ఏ దారమైనా ముడి బిగించే ముందు ఉమ్మితో తడిపి నెమ్మదిగా లాగాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనమవుతుంది.

పీఈ పక్కన ఉండే 1, 1.5, 2 అంకెలు మందాన్ని చెబుతాయి, బలాన్ని కాదు. బలం తయారీని బట్టి మారుతుంది.

అపోహ: బేరింగులు ఎక్కువ ఉంటే రీలు మంచిది, డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని పట్టి ఆపే రీలు బ్రేకు) పూర్తిగా బిగిస్తే చేప తప్పించుకోదు.

ఉప్పు గాలిలో ప్రతి అదనపు బేరింగూ తుప్పుకు ఒక అదనపు చోటు. నాకు కావలసింది లోపలికి నీరు చొరని మూత, ఒరిగిపోని గట్టి ఒళ్లు, తడబడకుండా జారే డ్రాగ్. వేట ముగిశాక రీలును కుళాయి ధార కింద పెట్టకూడదు, ఆ ఒత్తిడికి ఉప్పు లోపలికి పోతుంది; డ్రాగ్ బిగించి, మంచినీరు సన్నగా చిలకరించి, గుడ్డతో తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేయాలి.

డ్రాగ్‌ను దారం తెగే బలంలో మూడో వంతుకు మించనీయకూడదు. 20 పౌండ్లంటే సుమారు 9 కిలోలు కాబట్టి నేను రెండున్నర కిలోల దగ్గర ఉంచుతాను. చేతి అంచనా మీద ఆధారపడకుండా, ప్రయాణాల్లో పెట్టె తూచే చిన్న కొక్కెం త్రాసుకు దారం కట్టి లాగి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అపోహ: ఎంత గట్టి కార్బన్ రాడ్ అయితే అంత మంచిది.

కార్బన్ గ్రేడు పెరిగిన కొద్దీ రాడ్ తేలికగా, బిగువుగా అవుతుంది, దెబ్బకు పెళుసుగా కూడా అవుతుంది. సాగని పీఈ దారానికి బిగుసుకున్న రాడ్ తోడైతే, చేప ఎరను పీల్చే క్షణంలోనే మనం దానిని నోట్లోంచి లాగేస్తాము. కొన కాస్త వంగి, నడుము గట్టిగా ఉన్న ఏడడుగుల మీడియం హెవీ (మధ్యస్థం కంటే కాస్త గట్టి) రాడ్ నాకు నచ్చుతుంది. గాజు పీచు కలిసిన రాడ్ బరువైనా కొత్తవారికి క్షమించే గుణం దానికే ఎక్కువ. కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక ఉరుము వినిపించగానే రాడ్ కింద పెట్టి ఒడ్డు వదిలి వెళ్లాలి. కరెంటు తీగల కింద రాడ్ ఎత్తనే ఎత్తకూడదు.

అపోహ: కప్ప లూర్ మీద కొర్రమీను దూకగానే లాగాలి.

కప్ప మునిగిపోయి దారం బిగుసుకునే వరకు, అంటే ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగి, అప్పుడు రాడ్డును గట్టిగా వెనక్కి లాగాలి. నీటి పైన ఎర్రని పిల్లల గుంపు ముద్దలా కదులుతుంటే అక్కడ అసలు వేయవద్దు. తల్లిదండ్రులు ఆ గుంపును కాపలా కాస్తుంటాయి. వాటిని తీసేస్తే పిల్లలను మిగతా చేపలు త్వరగా తినేస్తాయి.

అపోహ: పెద్ద పండుగప్పను పట్టుకుపోతే నష్టమేమీ లేదు, అది ముసలి మగ చేప.

ఇది అన్నిటికంటే హాని చేసే అపోహ. పండుగప్ప మొదట మగ చేపగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడ చేపగా మారుతుంది. కాబట్టి మొగలో దొరికే మీటరు పొడవు చేప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టే ఆడ చేపే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. ఒడ్డు మీద నుంచి రాడ్డుతో పట్టేవారికి అది వర్తించకపోయినా, ఆ రోజుల్లోనూ, ఆ తరువాత వరద నీరు దిగే వరకూ పెద్ద చేప పడితే నేను వదిలేస్తాను. కూరకు ఒకటి రెండు కిలోల చేప చాలు, రుచి కూడా దానికే ఎక్కువ.

వదిలిన చేప బతకాలంటే దానికీ సరంజామా కావాలి. గాలం మీది ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేస్తే గాలం క్షణంలో ఊడి వస్తుంది. దారం బిగుతుగా ఉంచినంత సేపు చేప జారిపోదు. ముడుల నైలాన్ వల పొలుసులను, రెక్కలను చీలుస్తుంది కాబట్టి రబ్బరు వల వాడతాను. చేతులు తడుపుకుని, ఒక చేత్తో దవడ కింద, మరో చేత్తో పొట్ట కింద పట్టి అడ్డంగానే ఎత్తాలి. దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే బరువైన చేప మెడ దగ్గరి కీళ్లు దెబ్బతింటాయి. ఫోటో ఒకటి చాలు. తరువాత మోకాలి లోతు నీటిలో దిగి, ప్రవాహానికి ఎదురుగా తల ఉంచి, మొప్పలు నిదానంగా తెరుచుకుని మూసుకోవడం కనిపించే వరకు పట్టుకుని ఉంటాను. తోక ఒక్కసారి బలంగా కొట్టి అది నా చేతుల్లోంచి తానే విడిపించుకున్నాకే ఒడ్డెక్కుతాను.