అటకెక్కిన బొంతలు కిందికి దిగాలంటే: క్విల్టింగులో అపోహలు - వాస్తవాలు

మా ఇంటికి కుట్టు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటిరోజే ఒక సంచి తెచ్చి నా ముందు పెడతారు. విప్పి చూస్తే అందులో ముక్కలతో చక్కగా అతికిన బొంత పై గుడ్డ ఉంటుంది, మడతల వెంబడి దుమ్ము గీతలతో. కిందటి వేసవిలో వచ్చినావిడ సంచిలోనూ అదే. నీలం, ఆవపువ్వు రంగు ముక్కలతో డబుల్ కాట్‌కి సరిపడా అతికారు. "రెండేళ్ళుగా అటక మీదే ఉందండీ, నాకు ఓపిక లేదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. వందల ముక్కలు కోసి, ఒక్కో అతుకూ ఇస్త్రీ చేసిన మనిషికి ఓపిక లేకపోవడమేమిటి? పని ఆగింది ఓపిక చాలక కాదు. అతుకులయ్యాక ఏం చేయాలో మొదట్లోనే అనుకోలేదు, అందుకని ఆగింది. బొంతలూ క్విల్టులూ కుడుతూ, పదిమంది చేత కుట్టిస్తూ నేను మళ్ళీ మళ్ళీ విన్న అపోహలు ఇవి.

అపోహ: పై గుడ్డ అతికేస్తే పని అయిపోయినట్టే, ఇక చుట్టూ కుట్టడమే మిగిలింది.

వాస్తవం: పై గుడ్డ అయ్యేసరికి సగం దూరమే వచ్చాం. క్విల్ట్ అంటే మూడు పొరలు. పైన అతుకుల గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ అనే దూది పొర, అడుగున అస్తరు. ఈ మూడింటినీ కలిపి పట్టుకునే కుట్టే క్విల్టింగ్. నా నోట్‌బుక్‌లో ప్రతి క్విల్టుకూ ఎన్ని సాయంత్రాలు పట్టిందో రాసుకుంటాను. సింగిల్ కాట్ సైజులో అతుకులకు పన్నెండు సాయంత్రాలు పడితే, పొరలు పరిచిన దగ్గర్నుంచి బైండింగ్, అంటే అంచు చుట్టూ వేసే పట్టీ, చివరి కుట్టు దాకా ఇంచుమించు మరో పన్నెండు పడుతుంది.

అందుకే మొదటి ముక్క కోసే రోజునే అస్తరు, బ్యాటింగ్, బైండింగ్ మూడూ తెచ్చి ఒకే సంచిలో పెట్టుకోమంటాను. బైండింగ్ లెక్క చేసి చూపిస్తాను. 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవున్న క్విల్టుకు చుట్టుకొలత 280. మూలలు తిప్పడానికీ, చివర కలపడానికీ ఇంకో 12 కలుపుకోండి, 292. గుడ్డ వెడల్పులో అంచులు తీసేస్తే 42 అంగుళాలు చేతికొస్తుంది. అంటే రెండున్నర అంగుళాల పట్టీలు 7 కావాలి. అర మీటరు గుడ్డ సరిపోతుంది. ఆ అర మీటరు ముందే తీసిపెట్టుకోక, రెండేళ్ళ తర్వాత అదే రంగు కోసం బజారంతా తిరిగేవాళ్ళను ఎంతోమందిని చూశాను.

అస్తరుకు కొత్త గుడ్డ కొననక్కర్లేదు. అయిదున్నర మీటర్ల నూలు చీరను మధ్యకు కోసి రెండు భాగాలూ పక్కపక్కన అతికితే దాదాపు 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు వస్తుంది. డబుల్ కాట్‌కి హాయిగా చాలుతుంది. ఫాల్ విప్పేయండి, జరీ ఉంటే తీసేయండి. చీరను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. జల్లెడలా వెలుగు కనిపించిన చోట గుడ్డ అరిగిపోయిందని అర్థం, ఆ భాగం వాడొద్దు. అస్తరు ఎప్పుడూ నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువుండాలి. కుడుతుంటే పై పొర జరుగుతుంది, అడుగున చాలకపోతే చేయగలిగిందేమీ ఉండదు.

అపోహ: లాంగ్ ఆర్మ్ అనే పొడవు చేతి పెద్ద క్విల్టింగ్ మిషను ఉంటేనే క్విల్ట్ పూర్తవుతుంది, ఇంటి మిషను మీద కాదు.

వాస్తవం: మిషనే లేకుండా మన ఊళ్ళలో బొంతలు పూర్తయ్యాయి. మా అమ్మమ్మ వసారాలో నాలుగు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, మూలల్లో సన్నికల్లు పొత్రం, ఇత్తడి చెంబు, ఏది దొరికితే అది బరువు పెట్టేది. ముందు జానెడు దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు. ఆ తర్వాతే అసలు కుట్టు. చివర పక్కింటావిడ అటు నుంచీ, అమ్మమ్మ ఇటు నుంచీ వరసలు వేసుకుంటూ వచ్చేవాళ్ళు. దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగి సూదిలోకి ఎక్కించడం పిల్లల పని. ఆ కచ్చా కుట్టుంది చూశారూ, అదే ప్రాణం. ఈ రోజు మిషను మీద కుట్టేవాళ్ళ క్విల్టుల్లో అడుగున ముడతలు పడుతున్నాయంటే ఆ కుట్టు వేయకపోవడమో, బద్ధకించి నాలుగు పిన్నీసులతో సరిపెట్టడమో కారణం. అరచెయ్యి ఎక్కడ ఆనించినా దాని కింద ఒక పిన్నీసు ఉండాలి.

ఇంటి మిషను మీద కుట్టేటప్పుడు మధ్య నుంచి అంచుకు వెళ్ళాలి. మిగిలిన గుడ్డను చాపలా చుట్టి మిషను చేతి కిందికి తోయండి. సూది 14 లేదా 16 నంబరు వేసుకుని, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచండి. వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేకమైన మిషను పాదం దొరికితే కింది పళ్ళతో పాటు పై గుడ్డనూ అదే లాక్కెళ్తుంది. కొనేటప్పుడు మీ మిషను మోడల్ చెప్పి, దానికి పడుతుందో లేదో చూసుకుని తీసుకోండి. గీతల్లా వరసలు కుడితే చాలు. ఈనాటి ఆధునిక క్విల్టుల్లో ఎన్నో ఈ తిన్నని గీతలతోనే ముగుస్తాయి, చూడ్డానికి చాలా బాగుంటాయి.

మధ్య నుంచే మొదలెట్టాలన్న నియమం కూడా అన్ని బొంతలకూ వర్తించదు. ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, యల్లాపుర చుట్టుపక్కల ఉండే సిద్దీ స్త్రీలు కవంది అనే బొంత కుడతారు. వాళ్ళు ఒక మూల దగ్గర మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, ముక్కలు మడిచి అతుకుతూ లోపలికి వెళ్తారు. అతకడం, క్విల్టింగ్, అంచు కట్టడం మూడూ ఒకే కుట్టుతో అయిపోతాయి. చివరికి పని బొంత నడుమ ముగుస్తుంది. విడిగా బైండింగన్నదే ఉండదు. బైండింగంటే భయపడి ఆగిపోయేవాళ్ళకు నేను ముందు ఒక చిన్న కవంది కుట్టిస్తాను.

అపోహ: ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు దిగదు.

వాస్తవం: ఇది ప్రతి ఇంట్లో ఉన్న నమ్మకం. నేనూ నమ్మాను. ఒక పాప కోసం తెల్లటి గుడ్డ మధ్యలో ఎర్ర ముక్కలు వేసి కుట్టాను. ఎర్ర గుడ్డను రాత్రంతా ఉప్పు నీళ్ళలో ఉంచిన ధీమాతో, అంతా అయ్యాక ఉతికాను. తెలుపంతా గులాబీ రంగుకు తిరిగింది. ఆ రోజు పడ్డ బాధ నాకింకా గుర్తుంది.

గుడ్డకు రంగు అద్దేటప్పుడు ఉప్పుతో పని ఉంటుంది, నీళ్ళలోని రంగును నూలులోకి ఎక్కిస్తుంది. నూలుతో రసాయనికంగా కలిసిపోయే ఇప్పటి రియాక్టివ్ రంగులు అతుక్కోవాలంటే వాషింగ్ సోడా లాంటిది కావాలి. అద్దకం అయిపోయాక ఇంట్లో ఉప్పు వేసినా, వెనిగర్ పోసినా అదనంగా అంటుకునేదేమీ లేదు. చేయాల్సింది పరీక్ష. ముక్కను తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో అదమండి. మరక పడితే ఆ గుడ్డను రంగు రావడం ఆగేదాకా ఉతకండి, ఆగకపోతే ఆ క్విల్టులో వాడకండి. ఉతికేశాక రంగు దిగినట్టు కనిపిస్తే మాత్రం ఆరేయొద్దు. తడిగా ఉండగానే, గుడ్డ తట్టుకోగలిగినంత వేడినీళ్ళు పెద్ద టబ్బు నిండా పోసి, సబ్బుతో మునిగేలా నానబెట్టి, నీళ్ళు మారుస్తూ పోండి. చాలాసార్లు పోతుంది. నాది మూడో నీటికి తెల్లబడింది, ఒక మూల తప్ప.

ఇంకొకటి. కలంకారీలో నల్లరంగు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్ళతో వేస్తారు. ఆ ఇనుము ఏళ్ళు గడిచేకొద్దీ నూలును తింటుంది, అందుకే పాత కలంకారీలో ముందు నల్లగీతలే చిరుగుతాయి. పాత ముక్కలను రోజూ కప్పుకునే బొంతలో కాకుండా గోడకు వేలాడదీసే వాటిలో వాడండి.

అపోహ: పదిమంది కలిస్తే పని చిటికెలో అవుతుంది.

వాస్తవం: కొలత కుదిరితే అవుతుంది. కుదరకపోతే ఒక్కరు చేసేదానికంటే ఎక్కువ కాలం పడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ కూతురికి పాప పుట్టిందని ఆరుగురం కలిసి బొంత మొదలెట్టాం. తొమ్మిదిన్నర అంగుళాల బ్లాకులు, అంటే ముక్కలతో అతికిన చదరాలు 20, ఎవరింట్లో వాళ్ళు కుట్టి తేవాలి. తెచ్చాక టేపు పెట్టి చూస్తే తొమ్మిదింపావు నుంచి తొమ్మిదిముప్పావు దాకా ఉన్నాయి. ఎవరి తప్పూ కాదు. అతుక్కి అంచున వదిలే పావు అంగుళం ఒక్కో మిషను మీద ఒక్కోలా ఉంటుంది. లెక్క చూడండి. మూడు పట్టీల బ్లాకులు అయిదు వరసగా కలిపితే మొత్తం 14 అతుకులు. ప్రతి అతుకులో రెండు వైపులా అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తిన్నా, వరస పొడవులో అంగుళం ముప్పావు పోతుంది. మేము అన్ని బ్లాకుల చుట్టూ సన్న పట్టీ వేసి పది అంగుళాలకు సమంగా కోశాం. ఆ పట్టీల వల్లే బొంతకు అందం వచ్చిందని అందరూ అన్నారు కానీ, మూడు వారాలు ఆలస్యమైంది.

ఇప్పుడు ముందే ఒక పని చేయిస్తాను. రెండున్నర అంగుళాల పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవమంటాను. మొత్తం వెడల్పు ఆరున్నర, మధ్య పట్టీ సరిగ్గా రెండు అంగుళాలు రావాలి. రాకపోతే మిషను మీద సూదికి పావు అంగుళం దూరంలో ప్లాస్టర్ ముక్క అంటించి, దాని వెంబడి మళ్ళీ కుట్టాలి.

గుంపుగా కుట్టిన వాటిలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అమెరికాలోని ఎయిడ్స్ స్మారక క్విల్ట్. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 ప్యానెళ్ళున్నాయి. ఒక్కోటి పోయిన మనిషి గుర్తుగా అయినవాళ్ళు కుట్టింది. లోపల ఏం కుట్టాలన్నది వాళ్ళిష్టం. కొలత మాత్రం అందరికీ ఒకటే, 3 అడుగులకు 6 అడుగులు. ఎనిమిదేసి కలిపితే 12 అడుగుల చదరం. అంత పెద్ద పని ఒకచోట చేరిందంటే ఆ ఒక్క నియమం వల్లే.

మరో సంగతి, బైండింగ్ ఎవరు చేస్తారో మొదటి రోజే పేరు రాసి పెట్టుకోండి. "అందరం చేద్దాం" అనుకున్నవే ఎవరో ఒకరి అటక మీదికి చేరతాయి.

అపోహ: కుట్టు కాస్త వంకర పోయినా విప్పి మళ్ళీ కుట్టాలి.

వాస్తవం: పొర జారిపోయినా, దారం వదులైనా విప్పండి. గీత వంకర పోతే వదిలేయండి. ఉతికాక నూలు కాస్త ముడుచుకుని, గుడ్డంతా చిన్న చిన్న ముడతలు తేలుతుంది, అందులో వంకర కలిసిపోతుంది.

అపోహ: ఆధునిక క్విల్టంటే ఖరీదైన కొత్త ప్రింట్లు.

వాస్తవం: అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పని బట్టలతో, జీన్స్ ముక్కలతో కుట్టిన క్విల్టులను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటితో స్టాంపులు వేసింది. ఆధునిక క్విల్టర్లు ఎంతోమంది నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే. మీ బీరువాలో ఉన్న గుడ్డ చాలు.

అపోహ: మొదలుపెట్టినదాన్ని అనుకున్న సైజులోనే పూర్తి చేయాలి.

వాస్తవం: నీలం, ఆవపువ్వు రంగుల ఆవిడ దగ్గరికి వస్తాను. డబుల్ కాట్ క్విల్ట్ తన చిన్న మిషను చేతి కింద పట్టదని ఆవిడ భయం, నిజమే. ఆ గుడ్డను అతుకుల వెంబడే నాలుగుగా కోద్దామన్నాను. పది నిమిషాలు మాట్లాడలేదు. ఆ తర్వాత కత్తెర తనే తీసుకున్నారు. నాలుగూ నాలుగు పసిపిల్లల బొంతలయ్యాయి. అస్తరుకు వాళ్ళమ్మగారి నూలు చీర ఒక్కటే నాలుగింటికీ సరిపోయింది. మూడు చుట్టాల ఇళ్ళకు వెళ్ళిపోయాయి. నాలుగోదానికి బైండింగులో ఒక మూల తిప్పడం మిగిలుంది. వెనక చిన్న గుడ్డముక్క మీద వాళ్ళమ్మగారి పేరు కుట్టి తీసుకొస్తానన్నారు, దాన్ని ఆ మూలలోకే దూర్చి కుట్టేస్తాం.