నాయకుడు లేని గుంపు

మునగ చెట్టు కాండం మీద పగటిపూట బొచ్చు పట్టీలాంటిది కనిపిస్తే ఆగి చూడండి. చేయి మాత్రం పెట్టకండి, ఆ వెంట్రుకలు గుచ్చుకుంటే దురద, దద్దుర్లు. ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్న గొంగళి పురుగులవి. చీకటి పడ్డాక మేతకు ఆకుల్లోకి పాకుతాయి.

ఇలా గుంపుగా బతికే జాతులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని, దగ్గరగా ఈగో కందిరీగో ఎగిరితే అన్నీ ఒక్కసారే తలలు విదిలిస్తాయి. వాటి ఒంటిమీది సన్నని వెంట్రుకలు గాలిలోని కంపనాన్ని పసిగడతాయి. పురుగు ఒంట్లో గుడ్లు పెట్టాలని వచ్చిన కందిరీగకు, అన్నీ అలా ఊగుతుంటే వాలడానికి చోటు చిక్కదు.

గుంపు మొదలయ్యేది గుడ్ల దగ్గరే. తల్లి ఒకేచోట కుప్పగా పెట్టిన గుడ్లలోంచి వచ్చినవి కాబట్టి ఇవన్నీ తోబుట్టువులు. అప్పుడే పుట్టిన పురుగు నోటికి ఆకు గట్టిగా తగులుతుంది. ఒకటి కొరికిన అంచు పక్కదానికి పనికొస్తుంది. చలి పొద్దున్న కలిసి ఎండ కాగితే ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దారి చూపుకునే తీరు. ఉత్తర అమెరికాలో కొమ్మల పంగలో పట్టుతో గుడారం అల్లుకునే గొంగళి పురుగులున్నాయి. మంచి ఆకు దొరికి కడుపు నిండినది, తిరిగొస్తూ పొట్ట చివరను కొమ్మకు రాస్తూ వాసన పూస్తుంది. ఆకలితో ఉన్నవి ఆ వాసన పట్టుకుని నేరుగా ఆ ఆకు దగ్గరికి వెళతాయి. ముందుండి నడిపించేది ఏదీ ఉండదు.

ఫ్రాన్సులో కీటకాల పరిశోధకుడు ఫాబ్రే 1896లో ఒక కుండీ అంచున పైన్ చెట్టు గొంగళి పురుగుల బారు వలయంగా కలిసేలా చేశాడు. 7 రోజులు అవి తిరుగుతూనే ఉన్నాయి. దాన్ని గుడ్డి అనుసరణకు ఉదాహరణగా చెబుతుంటారు. నేను ఒప్పుకోను. చెట్టు మీద ఏ కొమ్మయినా ఎక్కడో ఒకచోట ఆగుతుంది, వెళ్తూ వదిలిన పట్టుదారం పట్టుకుని వెనక్కి వస్తే గూడు చేరతాయి. కొసంటూ లేని దారి కుండీ అంచుది, చెట్టుది కాదు.

పెద్దవయ్యేకొద్దీ ఒక్కోదానికి కావలసిన ఆకు పెరుగుతుంది. కలిసి ఉంటే అందరికీ చాలదు, అందుకే చాలా జాతులు చివరి దశలో విడిపోతాయి. ఒక పొద్దున్న చూస్తే కాండం మీద పట్టీ ఉండదు. బెరడుకు అంటుకుని కుబుసాలు మిగిలి ఉంటాయి, గాలికి కాస్త కదులుతూ.