ఎముకల సూపు నుంచి కొలాజెన్ పొడి దాకా

కోడి కాలి ఎముకను నాలుగైదు రోజులు వెనిగర్‌లో నానబెట్టి తీస్తే రబ్బరులా వంగుతుంది. ఖనిజాలు కరిగిపోయాయి. వంగుతున్నది చాలావరకు కొలాజెన్. ఎముకలో ఖనిజాలూ నీరూ పోను మిగిలేదాంట్లో దాదాపు 90 శాతం ఈ ప్రొటీనే. మరి దాన్నే తింటే ఎముక గట్టిపడదా?

ఈ ఆశ పాతదే. 1679లో డెనీ పాపిన్ ప్రెషర్ కుక్కర్‌కు తాతలాంటి పాత్ర తయారుచేసి, అందులో ఎముకల్ని మెత్తబడేదాకా ఉడికించాడు. 19వ శతాబ్దంలో డార్సే అనే రసాయనవేత్త ఎముకల నుంచి జెలటిన్ తీసి, పారిస్ ఆసుపత్రుల్లో సూపుగా పోయించాడు. జెలటిన్ అంటే ఉడికి పోగులు విడిపోయిన కొలాజెనే. అది మాంసానికి సాటి వస్తుందా అని తేల్చే పని ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ శరీరధర్మ శాస్త్రవేత్త మజాందీ కమిటీకి అప్పగించింది. కుక్కలకు పెట్టి చూసి 1841లో కమిటీ చెప్పింది: ఒక్క జెలటిన్‌తో ప్రాణం నిలవదు. అందులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం లేదన్న సంగతి ఆ తర్వాతెప్పుడో తెలిసింది.

ఇప్పుడొచ్చే పొడిలో కొలాజెన్‌ను ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలు చేస్తారు. కడుపులో ఎలాగూ అరిగిపోయేదేగా అని కొట్టిపారేసేవాళ్లకు 2005లో జపాన్ పరిశోధకులు జవాబిచ్చారు: కొన్ని ముక్కలు అరక్కుండానే రక్తంలో కనిపించాయి. సరే, కనిపించాయి. అవి ఎముకకు పనికొస్తాయా అన్నది వేరే ప్రశ్న.

ప్రకటనల్లో ఎక్కువగా వినిపించేది 2018 నాటి ట్రయల్. మెనోపాజ్ దాటి ఎముక సాంద్రత తగ్గిన 131 మంది స్త్రీలలో కొందరికి ఏడాదిపాటు రోజుకు 5 గ్రాముల కొలాజెన్, మిగతావారికి ఉత్తుత్తి పొడి ఇచ్చారు. కొలాజెన్ తీసుకున్నవారికి వెన్ను, తుంటి దగ్గర సాంద్రత కాస్త పెరిగింది. రెండు గుంపుల మధ్య టీ-స్కోర్ (ఎముక సాంద్రతను ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోల్చి చెప్పే అంకె) తేడా 0.1 చుట్టుపక్కలే. డబ్బు పెట్టింది కొలాజెన్ తయారుచేసే కంపెనీ. అంతమాత్రాన ఫలితం అబద్ధమని నేననను, కానీ ఇంకొకరు చేసి చూపాలి. 2010లో బ్రెజిల్‌లో 10 గ్రాముల చొప్పున ఆరు నెలలు ఇచ్చినప్పుడు, ఎముక అరుగుదలను చూపే పరీక్షల్లో ఏ మార్పూ రాలేదు.

ఇంకో చిక్కు: ఎముక సాంద్రత చూసే ఎక్స్‌రే పరీక్ష అయిన డెక్సా స్కాన్ కొలిచేది ఖనిజాన్ని, కొలాజెన్‌ను కాదు. పైగా సాంద్రత పెరిగితే ఎముక విరగదని గ్యారంటీ లేదు. ఇది ఒకప్పుడు ఎముకలకు మందుగా ఇచ్చి చూసిన ఫ్లోరైడ్ నేర్పిన పాఠం. 1990లో వెలువడిన నాలుగేళ్ల ట్రయల్‌లో ఫ్లోరైడ్ తీసుకున్న స్త్రీలకు వెన్నెముక సాంద్రత ఏకంగా 35 శాతం పెరిగింది. స్కాన్ రిపోర్ట్ చూస్తే పండగే. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా చోట్ల విరగడం పెరిగింది.

అందుకే మందుల విషయంలో విరిగిన ఎముకల్నే లెక్కపెడతారు. 1996లో వెలువడిన ట్రయల్‌లో ఎలెండ్రోనేట్ అనే ఎముకల మందు కోసం 2,027 మంది స్త్రీలను మూడేళ్లు గమనించారు. కొలాజెన్‌కు అలాంటి లెక్క ఇంతవరకూ లేదు. 2018 ట్రయల్‌లో చివరిదాకా ఉన్నది 102 మంది.